జలుబు ఉండేది ముక్కులో అయితే ఒళ్ళంతా ఎందుకు బాధపడుతుంది?

ప్రశ్న: గోదావరి లంక

వానలు మొదలైన దగ్గర నుంచి మా ఇంట్లో జలుబు ఒకరి తరువాత ఒకరిని పట్టుకుంటూ తిరుగుతోంది. ముందు ఎనిమిదో తరగతి చదివే మా అబ్బాయికి వచ్చింది, తరువాత నాకు, ఇప్పుడు మా అత్తగారికి. మందుల పేర్లు అడగడానికి ఈ ప్రశ్న వేయడం లేదు. జలుబు చేసినప్పుడు శరీరం లోపల అసలు ఏం జరుగుతుందో వరుసగా అర్థం చేసుకోవాలని ఉంది.

జలుబు వైరస్ ముక్కులో, గొంతులో ఉంటుందే తప్ప సాధారణంగా రక్తంలోకి వెళ్ళదని చదివాను. అలాంటప్పుడు తల బరువెక్కడం, కాళ్ళు పీకడం, నోటికి రుచి తెలియకపోవడం, చెవులు మూసుకుపోయి మన మాట మనకే దూరంగా వినిపించడం, ఇవన్నీ ఎక్కడి నుంచి వస్తున్నాయి? ముక్కు కారడం తగ్గిపోయాక కూడా దగ్గు రెండు మూడు వారాల పాటు ఎందుకు వదలదు?

మరో సందేహం చీమిడి రంగు గురించి. మొదట నీళ్ళలా కారినది మూడో రోజుకో నాలుగో రోజుకో చిక్కబడి పసుపుపచ్చగా, ఒక్కోసారి ఆకుపచ్చగా మారుతుంది. అలా మారిందంటే ఇన్ఫెక్షన్ ముదిరినట్టేనని, యాంటీబయాటిక్ వేసుకోవాలని మందుల షాపులో చెబుతున్నారు. అది నిజమేనా?

అన్నిటికంటే నన్ను ఎక్కువగా కలవరపెడుతున్నది ఆరేళ్ళ మా చిన్నమ్మాయి పరిస్థితి. మా అందరికీ ముక్కుతో పోయే జలుబు దానికి మాత్రం ఛాతీలోకి దిగి, రాత్రిపూట పిల్లికూతలు, ఆయాసం తెస్తుంది. ఒకే ఇంట్లో, ఒకే జలుబు ఇద్దరు పిల్లల్లో ఇంత తేడాగా ఎందుకు ఉంటుంది? తల తడిస్తే జలుబు చేస్తుందన్న మా అత్తగారి నమ్మకంలో నిజం ఎంతో కూడా ఎవరైనా చెబితే సంతోషిస్తాను.

సమాధానం: సూక్ష్మదర్శిని

గోదావరి లంక గారూ, నేను కళాశాలలో సూక్ష్మజీవశాస్త్రం బోధిస్తాను, వైద్యుడిని కాను. అందువల్ల శరీరం లోపల జరిగే ప్రక్రియ గురించి, రంగు గురించి మాత్రమే రాస్తాను. మీ అమ్మాయి సంగతి వైద్యులెవరైనా చెబితే బాగుంటుంది.

జలుబు కలిగించే వైరస్‌లు రెండు వందలకు పైగా ఉన్నాయి. వాటిలో ప్రధానమైనది రైనోవైరస్. దానిలోనే 160కి మించి రకాలున్నాయి. ఒక రకానికి మన ఒంట్లో యాంటీబాడీలు తయారైనా అవి మరో రకాన్ని పెద్దగా అడ్డుకోలేవు కనుకనే పెద్దవాళ్ళకు ఏడాదికి రెండు మూడు సార్లు, చిన్నపిల్లలకు ఆరు నుంచి ఎనిమిది సార్లు జలుబు రావడం మామూలు విషయం, ఇంతవరకు టీకా రాకపోవడానికి కూడా ప్రధాన కారణం అదే. ఈ వైరస్ దాదాపు 33 డిగ్రీల సెల్సియస్ దగ్గర బాగా వృద్ధి చెందుతుంది. శరీరం లోపలి ఉష్ణోగ్రత 37 డిగ్రీలైనా, మనం పీల్చే గాలి తగలడం వల్ల ముక్కు లోపల 33 డిగ్రీల ప్రాంతంలో ఉంటుంది. రైనోవైరస్ ముక్కును ఆశ్రయించడానికి ఈ చల్లదనం ఒక ముఖ్య కారణం.

ఇక్కడి నుంచి మీరు అడిగిన అసలు విషయం మొదలవుతుంది. ఫ్లూ జ్వరం తెచ్చే ఇన్‌ఫ్లూయెంజా వైరస్ శ్వాసనాళాల లోపలి పొరను పెద్ద ఎత్తున దెబ్బతీస్తుంది. రైనోవైరస్ అలా చేయదు. ముక్కు లోపలి పొరలో ఏ సమయంలో చూసినా కొద్ది కణాలలోనే అది ఉంటుంది, మిగిలిన పొర చాలావరకు చెక్కుచెదరకుండా కనిపిస్తుంది. అంత స్వల్పమైన నష్టానికి అంత బాధ ఎందుకంటే, జలుబులో మనం అనుభవించే దానిలో అధిక భాగం శరీరం తనను తాను కాపాడుకునే ప్రయత్నంలో కలిగించుకునేదే. వైరస్ సోకిన కణాలు ఇంటర్‌ఫెరాన్, ఇంటర్‌ల్యూకిన్ వంటి సంకేత పదార్థాలను విడుదల చేస్తాయి. వాటి వెంట బ్రాడికైనిన్ అనే పదార్థం తయారై రక్తనాళాలను వెడల్పు చేసి, వాటి గోడల గుండా ద్రవం బయటికి ఊరేలా చేస్తుంది. ఏ వైరస్ సోకని ఆరోగ్యవంతుల ముక్కులో బ్రాడికైనిన్ ఒక్కటే పిచికారీ చేసి చూసిన పరిశోధకులకు ముక్కు దిబ్బడ, ముక్కు కారడం, గొంతు నొప్పి అన్నీ కనిపించాయి. వైరస్ లేకుండానే జలుబు లక్షణాలు పుట్టించవచ్చని దీనివల్ల తేలింది. దీనికి తలకిందులుగా ఉండే సాక్ష్యం ఇంగ్లండ్‌లోని సాలిస్‌బరీ దగ్గర 1946 నుంచి 1990 వరకు నడిచిన కామన్ కోల్డ్ యూనిట్ నుంచి లభించింది. అక్కడ స్వచ్ఛందంగా ముందుకు వచ్చినవారి ముక్కులో వైరస్ ఉన్న చుక్కలు వేసి రోజూ పరిశీలించేవారు. వైరస్ నిజంగా సోకినా ఏ లక్షణమూ కనిపించనివారు వారిలో తక్కువేమీ కాదు.

ముక్కు దిబ్బడ వేయడానికి చీమిడి అడ్డుపడటమే కారణమని చాలామంది అనుకుంటారు. అసలు కారణం వేరు. ముక్కు పక్క గోడల నుంచి లోపలికి వంగి ఉండే మడతలలో పెద్ద సిరల జాలం ఒకటి ఉంటుంది. అది రక్తంతో నిండి, నీళ్ళు పీల్చిన స్పాంజిలా ఉబ్బి, గాలి దారిని మూసేస్తుంది. ఎంత చీదినా ముక్కు తెరుచుకోకపోవడానికి, పడుకోగానే దిబ్బడ ఎక్కువ కావడానికి, కాసేపు ఒక ముక్కు, కాసేపు మరో ముక్కు మూసుకుపోవడానికి ఆ సిరలలోని రక్తమే కారణం. వాసన పట్టే నాడుల చివరలు ముక్కు పైభాగంలో ఉంటాయి. దారి మూసుకుపోతే గాలి అక్కడి దాకా వెళ్ళదు. మనం రుచి అనుకునే దానిలో చాలా భాగం వాసనే కనుక, గోంగూర పచ్చడి తిన్నా పులుపు, ఉప్పు, కారం తెలుస్తాయి గాని అది గోంగూర అన్న సంగతి తెలియదు.

కాళ్ళు పీకడం, నీరసం, ఏ పని మీదా మనసు నిలవకపోవడం మరో దారిలో వస్తాయి. వైరస్ రక్తంలోకి వెళ్ళకపోయినా, దానిని చూసి విడుదలైన ఇంటర్‌ల్యూకిన్‌లు రక్తంలో కలుస్తాయి, మరికొంత సమాచారం నాడుల ద్వారా మెదడుకు చేరుతుంది. మెదడు అప్పుడు ఆకలిని, కదలికను తగ్గిస్తుంది, నొప్పిని, జ్వరాన్ని కలిగించే ప్రోస్టాగ్లాండిన్‌లు అనే రసాయనాల సాయంతో శరీర ఉష్ణోగ్రతను కొద్దిగా పెంచుతుంది. పారాసెటమాల్ వేసుకుంటే ఒళ్ళు నొప్పులు తగ్గి ముక్కు మాత్రం కారుతూనే ఉండటానికి కారణం, అది పనిచేసేది ఈ ప్రోస్టాగ్లాండిన్‌ల మీద కావడమే.

ఇక రంగు. ముక్కులోకి లక్షల సంఖ్యలో వచ్చి చేరే న్యూట్రోఫిల్ అనే తెల్ల రక్తకణాలలో మైలోపెరాక్సిడేజ్ అనే ఎంజైమ్ ఉంటుంది. దాని సహజమైన రంగే ఆకుపచ్చ. ఆ కణాలు పెరిగే కొద్దీ, చీమిడి చిక్కబడి ముక్కులో ఎక్కువసేపు నిలిచే కొద్దీ ఆ రంగు ముదురుతుంది. రాత్రంతా నిలిచినది పొద్దున చిక్కగా ఆకుపచ్చగా వచ్చి, మధ్యాహ్నానికి పలుచబడటం మీరూ గమనించి ఉంటారు. బ్యాక్టీరియా చేరిందనడానికి ఈ రంగు ఒక్కటే సాక్ష్యం కాజాలదు.

సమాధానం: పిల్లల వైద్యురాలు, వరంగల్

సూక్ష్మదర్శిని గారు చెప్పినదానితో ఏకీభవిస్తున్నాను. దానికి వైద్యశాలలో కనిపించేది కొంత చేర్చవలసి ఉంది.

ముక్కు వెనుక భాగం నుంచి చెవి లోపలికి ఒక సన్నని గొట్టం ఉంటుంది. మింగినప్పుడల్లా అది తెరుచుకుని కర్ణభేరికి రెండు వైపులా గాలి ఒత్తిడిని సమం చేస్తుంది. జలుబులో దాని ముఖద్వారం వాచి మూసుకుపోతే కర్ణభేరి లోపలికి లాగినట్టయి చెవి దిమ్మెక్కుతుంది. చిన్నపిల్లల్లో ఈ గొట్టం పొట్టిగా, అడ్డంగా ఉండటం వల్ల లోపల ద్రవం నిలిచి చీము పట్టే అవకాశం పెద్దవారికంటే చాలా ఎక్కువ. జలుబు మొదలైన కొద్ది రోజులకు పసివాడు రాత్రి లేచి చెవి పట్టుకుని ఏడుస్తున్నాడంటే చెవి చూపించాలి. ముఖం ఎముకల్లో ఉండే సైనస్ గదులు కూడా మామూలు జలుబులోనే నిండుతాయి. 1994లో అమెరికా పరిశోధకులు సాధారణ జలుబు ఉన్న పెద్దవారికి సీటీ స్కాన్ తీసి చూస్తే అత్యధికుల సైనస్‌లలో మార్పులు కనిపించాయి. యాంటీబయాటిక్ వేయకుండానే రెండు వారాల్లో అవి చాలావరకు సర్దుకున్నాయి. కాబట్టి నుదురు, బుగ్గలు బరువుగా ఉన్నంత మాత్రాన బ్యాక్టీరియా చేరిందని అనుకోనక్కరలేదు. పది రోజులు దాటినా ఏమాత్రం తగ్గకపోయినా, తగ్గుముఖం పట్టిన జలుబు మళ్ళీ జ్వరంతో తిరగబెట్టినా, మొదటి నుంచే 39 డిగ్రీల సెల్సియస్ జ్వరంతో పాటు చిక్కటి చీమిడి వరుసగా మూడు నాలుగు రోజులు ఉన్నా బ్యాక్టీరియాను అనుమానిస్తాం. మందుల షాపులో రంగు చెప్పి, డాక్టరు చీటీ లేకుండా యాంటీబయాటిక్ తీసుకోవడం చట్టానికీ, ఒంటికీ విరుద్ధం. అది వైరస్‌ను తాకదు. పేగుల్లోని మంచి బ్యాక్టీరియాను చంపి విరేచనాలు తెస్తుంది, రేపు నిజంగా అవసరమైనప్పుడు మందుకు లొంగని బ్యాక్టీరియాను మిగులుస్తుంది.

దగ్గు వారాల తరబడి నిలవడానికి శ్వాసనాళాలలోని దగ్గు నాడులు అతి సున్నితంగా మారి ఉండటం కారణం. వైరస్ పోయాక కూడా ఆ సున్నితత్వం తగ్గడానికి సమయం పడుతుంది. ఈలోగా చల్లగాలి, పోపు ఘాటు, అగరుబత్తి పొగ తగిలినా దగ్గు తెర వస్తుంది.

మీ అమ్మాయి విషయానికి వస్తాను. రైనోవైరస్ ముక్కుకే పరిమితమవుతుందని పూర్వం అనుకునేవారు గాని, పెద్ద శ్వాసనాళాల వరకు అది దిగి అక్కడ వృద్ధి చెందగలదని ఇప్పుడు స్పష్టంగా తెలుసు. చాలామంది పిల్లల్లో అలా దిగినా కొద్దిపాటి దగ్గుతో పోతుంది. ఉబ్బస స్వభావం ఉన్న పిల్లల శ్వాసనాళాలు అప్పటికే వాచి, చిన్న ప్రేరణకే ముడుచుకునే స్థితిలో ఉంటాయి కనుక, అన్నయ్య ముక్కులో జరిగిన వాపే చెల్లెలి శ్వాసనాళాల్లో జరిగి గాలి దారిని ఇరుకు చేస్తుంది. ఆ ఇరుకులోంచి గాలి వెళ్ళే చప్పుడే పిల్లికూత. బ్రిటన్‌లో 9 నుంచి 11 ఏళ్ళ పిల్లల మీద జరిగి 1995లో ప్రచురితమైన అధ్యయనంలో, ఉబ్బసం తిరగబెట్టిన సందర్భాలలో దాదాపు ఐదింట నాలుగు వంతులలో శ్వాసకోశ వైరస్ దొరికింది, వాటిలో ఎక్కువ భాగం రైనోవైరస్ కుటుంబానివే. ప్రతి జలుబుకూ పిల్లికూతలు వస్తున్నాయంటే జలుబు కోసం సిరప్‌లు మారుస్తూ పోవడం కాక, ఉబ్బసం ఉందేమో పరీక్ష చేయించి, అవసరమైతే రోజూ వాడే ఇన్‌హేలర్ మొదలుపెట్టాలి. ఇన్‌హేలర్ అలవాటైపోతుందన్న భయంతో ఆపేసి, తరువాత అర్ధరాత్రి ఆయాసంతో పిల్లలను ఎత్తుకుని వచ్చే తల్లిదండ్రులను చూస్తే నాకు చాలా బాధ కలుగుతుంది. దానిలోని మందు మోతాదు చాలా తక్కువ, పైగా నేరుగా శ్వాసనాళాలకే చేరుతుంది.

ఏ బిడ్డకైనా జలుబు చేసినప్పుడు నిద్రలో చొక్కా ఎత్తి, నిమిషం పాటు గడియారం చూస్తూ ఊపిరి లెక్కపెట్టండి. రెండు నెలల లోపు శిశువులో 60, రెండు నెలల నుంచి ఏడాది లోపు 50, ఏడాది నుంచి ఐదేళ్ళ లోపు 40, ఆ సంఖ్యకు చేరినా దాటినా, డొక్కలు ఎగరేస్తున్నా, పాలు తాగలేకపోతున్నా, పెదవులు నీలంగా మారినా తెల్లవారే దాకా ఆగవద్దు. మీ పాప వయసు ఆ లెక్క దాటినా, మాట పూర్తి చేయలేకపోవడం, డొక్కలు లోపలికి పోవడం ఆ వయసులోనూ అంతే ప్రమాదకరమైన గుర్తులు.

సమాధానం: మిరియాల చారు

తల తడవడం గురించి ఎవరూ రాయలేదు కనుక నేను చదివి తెలుసుకున్నది చెబుతాను. వైరస్ లేకుండా తడి ఒక్కటే జలుబు తేలేదు, ఇందులో వివాదం లేదు. వైరస్ అప్పటికే ముక్కులో ఉంటే చలి దానికి తోడ్పడుతుందా అన్నదే ప్రశ్న. 1968లో అమెరికాలో ప్రచురితమైన ప్రయోగంలో, రైనోవైరస్ ఇచ్చినవారిని చలికి గురిచేసినా జలుబు ఎక్కువేమీ కాలేదు. 2005లో వేల్స్‌లోని కార్డిఫ్ విశ్వవిద్యాలయం వారు 90 మంది పాదాలను ఇరవై నిమిషాల పాటు చల్లటి నీటిలో ఉంచి, మరో 90 మందిని ఖాళీ తొట్టెలో కాళ్ళు పెట్టించి పోల్చారు. తరువాతి నాలుగైదు రోజుల్లో మొదటివారిలో 13 మంది, రెండోవారిలో 5గురు జలుబు చేసిందని చెప్పారు. ఒళ్ళు చల్లబడితే ముక్కులోని రక్తనాళాలు ముడుచుకుని అక్కడి రక్షణ తగ్గుతుందని, దాగి ఉన్న వైరస్ అప్పుడు బయటపడుతుందని వారి ఊహ. అయితే వారు ఎవరి ముక్కులోనూ వైరస్ పరీక్ష చేయలేదు. 2015లో యేల్ విశ్వవిద్యాలయంలో ఎలుకల శ్వాసనాళ కణాల మీద చేసిన పరిశోధనలో, 37 డిగ్రీల కంటే 33 డిగ్రీల దగ్గర ఇంటర్‌ఫెరాన్ ప్రతిస్పందన బలహీనంగా ఉన్నట్టు కనిపించింది. అందువల్ల మీ అత్తగారి మాటను పూర్తిగా కొట్టివేయడానికి లేదు, అలాగని రుజువైన సత్యమూ కాదు. నా అభిప్రాయంలో వానాకాలంలో తడవడం కంటే, కిటికీలు మూసుకుని అందరూ ఒకే గదిలో కూర్చోవడం, చీదిన చేతితోనే తలుపు గడియ, ఫోను పట్టుకోవడం వైరస్‌కు ఎక్కువ సాయం చేస్తాయి. రైనోవైరస్ చేతుల మీద గంటల పాటు బతికి, ఆ చేత్తో కన్ను నలుపుకున్నా ముక్కు తుడుచుకున్నా లోపలికి చేరుతుంది. సబ్బుతో చేయి కడుక్కోవడానికి మించిన అడ్డుకట్ట నాకు తెలియదు.

ఇంటి వైద్యం గురించి కూడా ఒక మాట. అమృతాంజనం, జిందా తిలిస్మాత్ వంటివాటిలో ఉండే మెంథాల్ ముక్కులోని చల్లదనాన్ని గుర్తించే నాడులను తాకుతుంది. కొలిచి చూస్తే గాలి దారి వెడల్పు కాలేదు, అయినా ఊపిరి ధారాళంగా ఆడుతున్నట్టు మెదడుకు అనిపిస్తుంది. నిద్ర పట్టని రాత్రి ఆ హాయి కూడా విలువైనదే. పసిపిల్లలకు మాత్రం కర్పూరం, మెంథాల్ ముక్కు దగ్గర రాయకూడదు. వేడి వేడి మిరియాల చారు తాగగానే ముక్కు, నోటి గ్రంథులు ఊరి, గొంతు గరగర, దగ్గు కాసేపు నెమ్మదిస్తాయి. వేడి పానీయాల వల్ల ఈ ఉపశమనం కలుగుతుందని 2008లో కార్డిఫ్ వారే చూపారు. ఏడాది దాటిన పిల్లలకు రాత్రి పడుకునే ముందు చెంచాడు తేనె దగ్గును తగ్గిస్తుంది. ఏడాది లోపు శిశువులకు తేనె నాకించే అలవాటు మన ఇళ్ళలో ఇంకా ఉంది, అది బొట్యులిజం అనే ప్రాణాంతక జబ్బుకు దారితీయవచ్చు. ఆవిరి పట్టేటప్పుడు దుప్పటి కింద మరిగే గిన్నె ఒలికి పిల్లలు కాలిన సంఘటనలు ఎన్నో ఉన్నాయి, దానివల్ల కలిగే మేలు మాత్రం స్పష్టంగా రుజువు కాలేదు.

గోదావరి లంక

ముగ్గురికీ హృదయపూర్వక కృతజ్ఞతలు. అమ్మాయిని ఈ వారమే పిల్లల డాక్టరుకు చూపించి, ఉబ్బసం పరీక్ష గురించి అడుగుతాను. మీరు చెప్పినవి చదివాక మరో ప్రశ్న పుట్టింది. బాధ కలిగించేది మన రక్షణ వ్యవస్థే అయితే, దానిని మందులతో అణచివేస్తే జలుబు తేలిక కావాలి కదా? అలాగే మా అత్తగారు దిబ్బడకు మందుల షాపు నుంచి తెచ్చుకున్న ముక్కు చుక్కలు వారాల తరబడి వాడుతున్నారు, అవి లేకపోతే నిద్రే పట్టడం లేదంటున్నారు. దాని గురించి కూడా చెప్పగలరా?

సమాధానం: సూక్ష్మదర్శిని

మీరు అడిగిన మొదటి ప్రశ్న పరిశోధకులకూ వచ్చింది. ప్రయోగాత్మకంగా రైనోవైరస్ ఇచ్చినవారికి వాపును అణచే స్టీరాయిడ్ మందులు వాడి చూస్తే లక్షణాలలో చెప్పుకోదగ్గ మేలు కనిపించలేదు, పైగా ముక్కులో వైరస్ పరిమాణం కాస్త పెరిగింది. ఆస్ట్రేలియాలో జరిగి 1990లో ప్రచురితమైన ప్రయోగంలో ఆస్పిరిన్, పారాసెటమాల్ వాడినవారిలో యాంటీబాడీల తయారీ కొంత తగ్గి, ముక్కు లక్షణాలు కొంత పెరిగాయి. జ్వరంతో, నొప్పులతో బాధపడేవారు పారాసెటమాల్ వేసుకోకూడదని దీని అర్థం కాదు. బాధ లేనప్పుడు కూడా గంటల లెక్కన వేసుకుంటూ పోనక్కరలేదు. బాధ పెట్టే సంకేతాలూ, వైరస్‌ను తొలగించే సంకేతాలూ చాలావరకు ఒకటే కావడం వల్ల ఒకదానిని ఆపి మరొకదానిని ఉంచడం ఇంతవరకు సాధ్యపడలేదు.

సమాధానం: పిల్లల వైద్యురాలు, వరంగల్

మీ అత్తగారు వాడుతున్నది జైలోమెటాజొలిన్ లేదా ఆక్సీమెటాజొలిన్ చుక్కలు అయి ఉండవచ్చు, సీసా మీద చూడండి. పైన చెప్పిన సిరలను అవి నిమిషాల్లో ముడుస్తాయి. ఐదు రోజులు దాటి వాడితే మందు ప్రభావం తగ్గగానే ఆ సిరలు మునుపటికంటే ఎక్కువగా ఉబ్బి, జలుబు పోయినా దిబ్బడ పోదు. ఇప్పుడు ఆమెను నిద్ర పోనివ్వనిది ఈ దిబ్బడే అనిపిస్తోంది. ఒక్కసారిగా మానడం కష్టమైతే ముందు ఒక ముక్కులో ఆపి, అది తెరుచుకున్నాక రెండో ముక్కులో ఆపవచ్చు. ఆ కొద్ది రోజులూ షాపులో దొరికే ఉప్పునీటి చుక్కలు ఎన్నిసార్లు వేసుకున్నా హాని లేదు. తలవైపు ఎత్తుగా రెండు దిండ్లు పెట్టుకుంటే రాత్రి కొంత సుఖంగా ఉంటుంది. చాలా జలుబు మాత్రల్లో ఉండే ఫినైలెఫ్రిన్ నోటి ద్వారా తీసుకుంటే దిబ్బడ తగ్గించదని 2023 సెప్టెంబరులో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ నియమించిన నిపుణుల సంఘం తేల్చింది. మన దేశంలో కూడా 2023 డిసెంబరులో, ఆ మందును అలర్జీ మందు క్లోర్‌ఫెనిరమిన్‌తో కలిపి తయారుచేసే సిరప్‌లను నాలుగేళ్ళ లోపు పిల్లలకు వాడరాదని సీసా మీద ముద్రించాలని ఆదేశాలు వచ్చాయి. కనుక చుక్కలకు బదులుగా ఆ మాత్రలకు మారవద్దు. రెండు వారాలకు కూడా ముక్కు తెరుచుకోకపోతే, లేదా ఆమెకు రక్తపోటు, గుండె జబ్బు ఉంటే, ఆ చుక్కల సీసాను వెంట తీసుకుని చెవి, ముక్కు, గొంతు వైద్యుల దగ్గరకు వెళ్ళండి. మానే రోజుల్లో ఇబ్బంది తగ్గడానికి ముక్కులో కొట్టే స్టీరాయిడ్ స్ప్రే కొంతకాలం వాడమని వారు చెప్పవచ్చు.